పట్టా ఆమెది, మరమ్మతు మాట ఎవరిది?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టడంలో ఉన్న కష్టం గురించి చెప్పిన ఆ సామెత, కట్టిన ఇంటిని నిలుపుకోవడంలో ఉన్న కష్టం గురించి ఏమీ చెప్పలేదు. పాలు పొంగించి, గుమ్మానికి తోరణం కట్టి, చుట్టాలకు భోజనాలు పెట్టేసరికి ఇంటి కథ పూర్తయిందనుకుంటాం. అసలు కథ తొలకరి వానతో మొదలవుతుంది. స్లాబు కురుస్తుంది. గోడకు చెమ్మ ఎక్కుతుంది. బాత్‌రూమ్ నీళ్ళు కింది వాటాలోకి దిగుతాయి. స్విచ్చి మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. సెప్టిక్ ట్యాంకు పొంగి పెరడంతా కంపు కొడుతుంది. ఇవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండే చిన్న చిన్న చికాకులేననీ, హక్కుల గురించి రాసుకునే పత్రికలో వీటికి చోటెందుకనీ కొందరికి అనిపించవచ్చు. కానీ ఇల్లు ఎవరిదో తేలేది సరిగ్గా ఈ చికాకుల దగ్గరే. పట్టా మీద ఎవరి పేరుందన్నది ఒక సంగతి. ఇల్లు చెడినప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్నది ఇంకొక సంగతి. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని మన ఉద్యమం ఇంతవరకు సరిగా పట్టించుకోలేదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాగితం మీద యజమానురాలు

స్త్రీకి ఆస్తి కావాలని అడిగి సాధించుకున్న చరిత్ర మనకు ఉంది. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో పాటు వాటా ఇచ్చింది. 20 ఏళ్ళ తర్వాత, 2005లో, దేశమంతటికీ వర్తించే సవరణ వచ్చింది. అదే 2005లో వచ్చిన గృహహింస చట్టం, యాజమాన్యం తన పేర ఉన్నా లేకపోయినా తాను కాపురముంటున్న ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉందని చెప్పింది.

పేదల ఇళ్ళ పథకాలలోనూ మార్పు వచ్చింది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళు, 2015లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్ళు స్త్రీ పేరనో భార్యాభర్తల ఉమ్మడి పేరనో ఇచ్చారు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీలో సుమారు 30 లక్షల పట్టాలు స్త్రీల పేర్ల మీదే ప్రకటించారు. 2024 మార్చిలో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం, 5 లక్షల రూపాయల సాయంతో కట్టుకునే ఇంటిని ఇంటి ఇల్లాలి పేరనే ఇస్తామంది. పట్టణాలలో ఉద్యోగాలు చేసుకునే స్త్రీలు సొంతంగా అప్పు తీసుకుని ఫ్లాట్లు కొంటున్నారు. మన అమ్మమ్మల కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పేమీ కాదు. దీన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.

అయితే ప్రతి పథకమూ పట్టాతోనో తాళంచెవితోనో ఆగిపోతుంది. ఫోటో తీస్తారు. ఆమె చేతిలో కాగితం పెడతారు. ఆ తర్వాత ఇల్లు బీటలు వారితే ఎవరిని అడగాలో, ఏ పైపు ఎటు పోయిందో, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో, స్లాబు వేసిన మేస్త్రీ ఎవరో ఆ కాగితంలో ఉండదు. ఆ వివరాలు భర్త జేబులో ఉన్న ఫోన్‌లో ఉంటాయి, లేదా కాంట్రాక్టరు నోట్లో ఉంటాయి. యజమానురాలైన ఆమెకు మాత్రం తెలియవు.

‘సారు లేరామ్మా?’

ఇంట్లో ఏదైనా చెడి మనిషిని పిలిచినప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ప్లంబరు గుమ్మంలోకి రాగానే అడిగే మొదటి ప్రశ్న ‘సారు లేరామ్మా?’ అని. నీళ్ళు కారుతున్నది ఆమె వంటింట్లో. పొద్దుటి నుంచి బకెట్లు మార్చి మార్చి పెడుతున్నది ఆమె. ఎప్పుడు మొదలైందో, మోటారు వేసినప్పుడే కారుతోందో, ఎప్పుడూ కారుతోందో ఆమెకే తెలుసు. అయినా పని సంగతి, డబ్బు సంగతి ‘సారుతో మాట్లాడతానమ్మా’ అని అతను వెళ్ళిపోతాడు. సాయంత్రం ఫోన్‌లో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుని ఆ ఇంట్లో ఏ గోడ పగలగొట్టాలో నిర్ణయిస్తారు.

అపార్టుమెంటులో ఫ్లాటు భార్య పేర ఉంటుంది. అసోసియేషన్ సమావేశానికి భర్త వెళతాడు. లిఫ్టు మరమ్మతుకెంత, టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగుకెంత అన్న లెక్కలు అక్కడ తేలతాయి. ఆమె పేరు పుస్తకంలో ఉంటుంది, సంతకం ఆయన పెడతాడు. ఎప్పుడైనా ఆమె స్వయంగా వెళ్ళి ఈ ఖర్చుకు రసీదు ఏదని అడిగితే, ‘మీవారిని పంపించండి మేడమ్, చెబుతాం’ అంటారు.

ఒంటరి స్త్రీల పరిస్థితి ఇంకా కష్టం. భర్త చనిపోయిన స్త్రీ, విడిపోయిన స్త్రీ, పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన స్త్రీ సొంత ఇల్లు అమర్చుకున్నదంటే దాని వెనక ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు ఉంటుంది. ఇల్లు కురిసినప్పుడు ఆమె పడే ఇబ్బంది వాన వల్ల కలిగేది మాత్రమే కాదు. తెలియని మగవాణ్ణి ఇంట్లోకి పిలవాలి. అతను చెప్పిన రేటు న్యాయమో కాదో తెలియదు. పక్కింటివాళ్ళ చూపులు. ‘ఒక్కతీ ఎందుకమ్మా ఈ బాధ, అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్’ అనే అన్నదమ్ముల సలహా. ఇల్లు చెడిపోయిన ప్రతిసారీ ఆమె స్వతంత్రం మీద చర్చ మొదలవుతుంది. తప్పు కాంక్రీటుది. నింద మాత్రం ఒంటరిగా బతకాలనుకున్న ఆమె నిర్ణయానికి.

చాకిరీ లెక్క

మరమ్మతు అంటే డబ్బు ఖర్చనే అనుకుంటాం. అంతకుముందే ఇంకొక ఖర్చు ఉంది, అది ఎవరూ రాయరు. మోటారు కాలిపోతే వీధి కుళాయి నుంచి బిందెలు మోసేది ఎవరు? డ్రైనేజీ ఎదురుతన్నితే ఆ నీళ్ళు ఎత్తిపోసేది ఎవరు? గోడ చెమ్మకు బూజుపట్టిన బట్టలు మళ్ళీ ఉతికి ఎండేసేది ఎవరు? చెమ్మ ఇంట్లో పిల్లాడికి దగ్గు పట్టుకుంటే రాత్రిళ్ళు మేలుకునేది ఎవరు? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. ఇల్లు బాగున్నప్పటి లెక్కే ఇలా ఉంటే, ఇల్లు చెడినప్పుడు ఆ పెరిగిన పని ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కరలేదు. మరమ్మతును వారం వాయిదా వేసే అధికారం ఒకరిది, ఆ వారమంతా చాకిరీ చేసే బాధ్యత ఇంకొకరిది.

‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అనే సామెత కూడా ఇక్కడ తన పని తాను చేస్తుంది. పెచ్చులూడిన గోడ చూసి వచ్చినవాళ్ళు ‘ఇల్లు శుభ్రంగా పెట్టుకోలేదు’ అంటారు తప్ప, ‘సిమెంటు తక్కువ వేశారు’ అనరు. కాంట్రాక్టరు చేసిన దోపిడీ ఇల్లాలి అశ్రద్ధగా మారిపోతుంది.

పేద కాలనీలలో ఇది అప్పుగా మారుతుంది. ప్రభుత్వమిచ్చిన సొమ్ము చాలక పొదుపు సంఘంలో అప్పు తెచ్చి కట్టుకున్న ఇల్లు మూడో ఏడు కురవడం మొదలుపెడితే, పాత అప్పు తీరకముందే కొత్త అప్పు. కట్టడానికి అప్పు ఇచ్చేవాళ్ళున్నారు గాని, బాగుచేసుకోవడానికి ఇచ్చేవాళ్ళు అరుదు. చివరికి వడ్డీ వ్యాపారి దగ్గరికో, చెవుల కమ్మల దగ్గరికో వెళ్ళాలి. అదీ కుదరకపోతే ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఆ చినుకుల కిందే బతకాలి.

తెలియకపోవడం పుట్టుకతో వచ్చింది కాదు

‘ఆడవాళ్ళకి ఇవన్నీ తెలియవు’ అంటారు. ఎందుకు తెలియవు? ఏ ఊళ్ళోనైనా ఇల్లు కడుతున్న చోటికి వెళ్ళి చూడండి. ఇసుక జల్లించేది, తట్టలు మోసేది, మాలు అందించేది, గోడలు తడిపేది స్త్రీలు. స్లాబు వేసే రోజున వాళ్ళు లేకుండా పని నడవదు. పాతికేళ్ళు తట్ట మోసినా ఆమె కూలీగానే మిగులుతుంది. ఆమెతో పాటు పనిలోకి వచ్చిన కుర్రాడు మూడేళ్ళలో తాపీ పట్టి మేస్త్రీ అవుతాడు, కూలి పెరుగుతుంది. ఆమె చేతికి తాపీ ఇవ్వరు. కాబట్టి ఇది చేతకానితనం కాదు, చేతికి అందనివ్వకపోవడం.

అందనిస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1989లో మొదలైన మహిళా సమాఖ్య కార్యక్రమంలో భాగంగా ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో, 1990ల మొదట్లో, చదువురాని పల్లె స్త్రీలు చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. ఎవరో వస్తారని వారాల తరబడి ఎదురుచూసే ఊళ్ళలో తామే పానాలు పట్టుకుని పంపులు విప్పారు. పని నేర్చాక, లెక్క రాసుకోవడానికి చదువు కావాలని వాళ్ళే అడిగారు. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణం జోరుగా సాగిన రోజుల్లో వేలాదిమంది స్త్రీలు తాపీపని నేర్చుకున్నారు. అక్కడ మేస్త్రీని ‘రాజ్ మిస్త్రీ’ అంటారు కాబట్టి వీళ్ళకు ‘రాణీ మిస్త్రీ’ అనే పేరు వచ్చింది.

ప్రతి స్త్రీ తాపీ పట్టనక్కర లేదు. తన ఇంటి సంగతి తనకు అర్థమైతే చాలు. ఉదాహరణకు కొన్ని చెబుతాను.

గోడ చెమ్మగా ఉంటే మొదట రంగు వెయ్యకూడదు. నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకాలి. చెమ్మ నేల నుంచి పైకి ఎక్కుతున్నదా, పైనుంచి కిందికి దిగుతున్నదా, బాత్‌రూమ్ గోడ పక్కనే ఉన్నదా, వానాకాలంలోనే కనిపిస్తున్నదా, ఏడాది పొడుగునా ఉన్నదా అన్నది చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. ఏడాది పొడుగునా ఉంటే అనుమానించాల్సింది పైపును, వానలోనే వస్తే స్లాబునో, పిట్టగోడ మొదలునో, కిటికీ సజ్జనో. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టానికి సున్నంతో గీత గీసి, పొద్దున్న చూడండి. గీత కిందికి నీరు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. దీనికి ఏ ఇంజనీరూ అక్కరలేదు.

స్లాబు కురవడానికి ఎక్కువగా కనిపించే కారణం తడపకపోవడం. సిమెంటు గట్టిపడడానికి నీళ్ళు కావాలి. స్లాబు వేశాక కనీసం 7 రోజులు, మన ఎండల్లో 10 రోజులకు తగ్గకుండా తడి ఆరనివ్వకూడదు. మడులు కట్టి నీళ్ళు నిలపాలి. ఆ పని దగ్గరే కాంట్రాక్టరు కూలి మిగుల్చుకుంటాడు. రెండవది వాటం. వాననీరు గొట్టం వైపు పారేలా స్లాబు పైన వాలు లేకపోతే నీరు నిలిచి, సన్నటి నెర్రెల్లోంచి లోపలికి దిగుతుంది. అలా దిగిన నీరు లోపలి ఇనుప చువ్వలకు తగిలితే అవి తుప్పుపడతాయి. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది కాంక్రీటును నెట్టేస్తుంది. అదే పెచ్చులూడడం. ఊడినచోట పైపైన సిమెంటు మెత్తిపోతే మళ్ళీ ఊడుతుంది. తుప్పు గీకించి, చువ్వలు ఏ స్థితిలో ఉన్నాయో చూపించమని అడగాలి. పెచ్చు మంచం మీద పడితే ప్రాణానికే ముప్పు. ఇది అందచందాల సంగతి కాదు.

కరెంటు విషయంలో అసలు జాప్యం కూడదు. గీజరు, మోటారు, ఇస్త్రీపెట్టె, గ్రైండరు: షాకు కొట్టే వస్తువులన్నీ ఎక్కువగా ముట్టుకునేది మనమే, అదీ తడి చేతులతో. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి. లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే స్విచ్చి ఒకటి బోర్డులో ఉండాలి. ఇళ్ళలో వాడేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. దాని మీద ‘టెస్ట్’ అనే చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే ఆ స్విచ్చి పనిచెయ్యనట్టే. దానికి అయ్యే ఖర్చును పండగ చీరల కన్నా ముందు రాయండి.

ఈ నాలుగు విషయాలు తెలిసిన స్త్రీ గుమ్మంలో నిలబడి మాట్లాడితే ‘సారు లేరామ్మా?’ అన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

చట్టం ఏమంటోంది

కొత్త ఇంటికి వచ్చిన లోపాన్ని మన తలరాతగా తీసుకోనక్కర లేదు. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ రెరా అంటున్నది, 14వ సెక్షన్‌లో ఒక మంచి మాట చెప్పింది. ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్ళలోపు కట్టడంలోగాని, పనితనంలోగాని, నాణ్యతలోగాని, సదుపాయాలలోగాని లోపం బయటపడి, దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజులలోపు ఏ ఛార్జీ లేకుండా బాగుచేసి ఇవ్వాలి. చెయ్యకపోతే కొన్నవాళ్ళకు నష్టపరిహారం అడిగే హక్కు ఉంది.

అయితే ఈ చట్టంలో ఒక కంత ఉంది. స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ నిర్మాణం రిజిస్ట్రేషన్ చేయించనక్కర లేదు. దిగువ మధ్యతరగతి స్త్రీలు కొనుక్కునేవి చాలావరకు ఇలాంటి చిన్న చిన్న అపార్టుమెంట్లే. పెద్ద గేటెడ్ కాలనీలకు ఉన్న రక్షణ చిన్న వీధిలోని ఆరు ఫ్లాట్ల బిల్డింగుకు అంత తేలికగా అందదు. ఈ మినహాయింపును తగ్గించాలని మనం అడగాలి.

అలాంటివారికి వినియోగదారుల చట్టం ఉంది. ఇళ్ళు కట్టించి ఇవ్వడం కూడా సేవ కిందికే వస్తుందని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టింది ప్రభుత్వ సంస్థ అయినా బాధ్యత తప్పదని చెప్పింది. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్ళు గడువు. కాబట్టి 40 వేలు తీసుకుని వాటర్‌ప్రూఫింగు చేసి, మొదటి వానకే కారితే ఫోన్ ఎత్తని కాంట్రాక్టరు మీద కూడా మనం వెళ్ళవచ్చు.

కాని చట్టానికి కాగితం కావాలి. నోటి మాట మీద నడిచే మన మరమ్మతుల లోకంలో స్త్రీ ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. పని మొదలుపెట్టకముందు ఏ పని, ఏ సామాను, ఎంత, ఎన్నాళ్ళ గ్యారంటీ అన్నది తెల్లకాగితం మీదైనా రాయించి సంతకం పెట్టించండి. డబ్బు ఒకేసారి ఇవ్వకండి. లోపం కనబడిన రోజే తేదీతో ఫోటో తియ్యండి. బిల్డరుకు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. ఆ ఉత్తరం మీ పేరుతో, మీ సంతకంతో వెళ్ళాలి. పట్టాదారు మీరు.

మన ట్యాంకు, ఇంకొకరి ప్రాణం

ఇంటి యజమానులమయ్యాక మనకు హక్కులే కాదు, బాధ్యతలూ వస్తాయి. అన్నిటికన్నా పెద్దది సెప్టిక్ ట్యాంకు విషయంలో. ట్యాంకు నిండి పొంగగానే ‘మనిషిని దింపి తీయించండి’ అనే సలహా మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మనిషి ఎవరో, ఏ కులంవాడో అందరికీ తెలుసు. మూసి ఉన్న ట్యాంకులో చేరిన విషవాయువులు మనిషిని క్షణాల్లో పడగొడతాయి. అతన్ని తీయబోయిన రెండో మనిషీ అందులోనే పోతాడు. 

2013లో వచ్చిన చట్టం ఏ వ్యక్తీ, ఏ సంస్థా మనిషిని రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దించి పని చేయించకూడదంది. ‘ఏ వ్యక్తీ’ అంటే ఇంటి యజమానురాలు కూడా. మొదటిసారి నేరానికే 2 ఏళ్ళ వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఈ పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ డబ్బు తీసుకోవడానికి వరసలో నిలబడేది కూడా ఒక స్త్రీయే. మన ఇంటి శుభ్రత కోసం ఇంకొక స్త్రీ ఇల్లు కూలకూడదు. మునిసిపాలిటీ యంత్రాన్నో, ట్యాంకరు బండినో పిలవండి. ట్యాంకు పొంగేదాకా ఆగకుండా రెండు మూడేళ్ళకొకసారి ఖాళీ చేయిస్తే ఈ తొందరే ఉండదు. మనిషిని దింపుతానన్న కాంట్రాక్టరును గుమ్మం దగ్గరే ఆపండి.

అలాగే ఇంట్లో గోడ పగలగొట్టడానికి, పరంజా ఎక్కి రంగు వెయ్యడానికి వచ్చే కూలీల సంగతి. రేటు తగ్గించమని బేరమాడే హక్కు మనకున్నట్టే, తాడు లేకుండా మూడో అంతస్తు గోడకు వేలాడవద్దని చెప్పే బాధ్యతా ఉంది. స్త్రీ కూలీకి మగ కూలీకన్నా తక్కువిచ్చే లెక్కను మన ఇంటి పనిలోనైనా ఆపగలం.

మన సంఘాలు చెయ్యవలసింది

‘ఇదంతా ఇల్లున్నవాళ్ళ బాధ, ఇల్లే లేనివాళ్ళ మాటేమిటి?’ అని మన కార్యకర్తలే అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇల్లులేనివాళ్ళ కోసం పోరాడాల్సిందే. కాని పోరాడి తెచ్చుకున్న ఇల్లు పదేళ్ళకే నివాసయోగ్యం కాకుండా పోతే ఆ స్త్రీ తిరిగి ఇల్లులేనివాళ్ళ వరసలోకే వెళుతుంది. అప్పుడు ఏ పథకమూ ఆమెకు రెండో ఇల్లు ఇవ్వదు. ‘నీ పేర ఒకసారి ఇచ్చేశాం’ అంటారు. కాబట్టి నిలబెట్టుకోవడం కూడా సాధించుకోవడంలో భాగమే.

‘మగవాళ్ళు చూసుకుంటుంటే మధ్యలో మనకెందుకు?’ అనేవాళ్ళూ ఉన్నారు. పని పంచుకోవడం వేరు, తెలివిడిని ఒకరి దగ్గరే దాచిపెట్టడం వేరు. అతను ఊళ్ళో లేనప్పుడు, అతను మంచానపడినప్పుడు, అతనే ఆమెను ఇంట్లోంచి పొమ్మన్నప్పుడు ఆ తెలివిడి ఆమెకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి కాగితాలు, పైపుల దారి, మీటరు నంబరు, మేస్త్రీ చిరునామా ఆమెకు తెలియకుండా ఉంచడం ఆమెను ఇంట్లోంచి సగం బయటికి పంపడమే.

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇల్లు అప్పగించేటప్పుడు పట్టాతో పాటు తెలుగులో రాసిన ఇంటి పుస్తకం ఒకటి ఇవ్వాలి. ప్లాను, నీటి పైపులు, కరెంటు తీగెలు వెళ్ళే దారి, ట్యాంకు ఉన్నచోటు, కట్టినవారి పేరు, లోపాలకు ఎవరు ఎన్నాళ్ళు బాధ్యులో అందులో ఉండాలి. ప్రభుత్వం కట్టించిన ఇళ్ళకు కూడా బిల్డర్లకున్నట్టే 5 ఏళ్ళ బాధ్యతను రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పొదుపు సంఘాల ద్వారా ఇంటి మరమ్మతుకు తక్కువ వడ్డీకి చిన్న అప్పులు ఇవ్వాలి. ఐటీఐలలో, నైపుణ్య శిక్షణ కేంద్రాలలో తాపీ, ప్లంబింగు, ఎలక్ట్రికల్ పనులలోకి ఆడపిల్లలను తీసుకోవాలి, కుట్టు మిషన్లతో సరిపెట్టకూడదు. నేర్చుకున్నవాళ్ళకు ప్రభుత్వ ఇళ్ళ పనులలోనే మొదటి అవకాశం ఇవ్వాలి.

మన సంఘాలు సొంతంగా చెయ్యగలిగినవీ ఉన్నాయి. చట్టాల మీద పెట్టే శిక్షణ తరగతులలో ఒక పూట ఇంటి మీద పెట్టండి. ఒక మేస్త్రీని, ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కాలనీలో ఏదో ఒక ఇంటినే పాఠంగా చూపించండి. న్యాయంగా పనిచేసే పనివాళ్ళ పేర్లు, ఊళ్ళో నడిచే రేట్లు ఒక నోటుపుస్తకంలో రాసి సంఘం ఆఫీసులో ఉంచండి. ఒంటరి స్త్రీ ఇంట్లో మరమ్మతు జరిగే రోజున సంఘం నుంచి ఒకరు వెళ్ళి ఆమెతో కూర్చోండి. అపార్టుమెంటు అసోసియేషన్లలో ఫ్లాటు ఎవరి పేర ఉంటే వాళ్ళే సమావేశానికి రావాలని, వాళ్ళే ఓటు వెయ్యాలని పట్టుబట్టండి. ఒకే కాంట్రాక్టరు కట్టిన 20 ఇళ్ళలో 15 కురుస్తుంటే, 15 మంది విడివిడిగా బకెట్లు పెట్టుకోవడం మానేసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. సారా దుకాణాలు మూయించిన స్త్రీలకు ఒక కాంట్రాక్టరు చేత స్లాబు బాగుచేయించడం అసాధ్యమేమీ కాదు.

వచ్చే వానాకాలానికి ముందు ప్రతి సంఘమూ తన పరిధిలో స్త్రీల పేర ఉన్న ఇళ్ళు ఎన్ని, వాటిలో కురుస్తున్నవి ఎన్ని, ఇచ్చిన ఫిర్యాదులు ఎన్ని, తీరినవి ఎన్ని అని లెక్క తీస్తే, మన దగ్గర ఇంతవరకు లేని ఒక బలమైన ఆధారం తయారవుతుంది. పట్టాల లెక్క ప్రభుత్వం చెబుతూనే ఉంది. వాటి కింద ఉన్న ఇళ్ళ లెక్క మనం చెప్పాలి.